వెనక్కి తిరిగిన వరుస

మా మామ ఎజ్రా, లాడాలు కొట్టే బడే సాహెబు ఒకే ఓడలో బస్రా యుద్ధానికి పోయి ఒకే ఓడలో తిరిగి వచ్చారు. ఆనాటి నుంచీ ఏ ఒక్క విషయంలోనూ ఇద్దరికీ మాట కలవలేదు. ఇరవై ఏడేళ్లుగా పొద్దు వాలేసరికి బడే సాహెబు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు. కూర్చోగానే యుద్ధం మొదలవుతుంది.

నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలో అది నిజమైన కొట్లాట అనుకొని హడలిపోయి అత్త దగ్గరికి పరుగెత్తాను. మా అత్త సామ్రాజ్యమ్మ జొన్నలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఇంకా కూతు దాకా రాలేదులే. కూతు కాడికొచ్చినప్పుడు చెప్పు. అప్పుడు గొంతులు ఎండిపోతాయి, చెంబుతో నీళ్లియ్యాల" అంది.

కూతు అంటే ఊరి పేరట. అక్కడ మన పటాలాన్ని టర్కీ వాళ్లు చుట్టుముట్టి తిండి లేకుండా మాడ్చారట. ఆ ఊరు మా మామకూ, బడే సాహెబుకూ గిద్దలూరు కంటే బాగా తెలుసు. ఎందుకంటే గిద్దలూరు పోతే తిరిగి వస్తారు. కూతు నుంచి మాత్రం ఇంకా రానే లేదు.

నేను చెప్పబోయేది మద్రాసులో కాంగ్రెసు మంత్రులు రెండోసారి కూర్చున్న ఏటి ఎండాకాలం సంగతి. తెల్లదొరలు మూటలు సర్దుకుంటున్నారని అందరూ అనుకునేవారు. దాంతో పాత యుద్ధంతో పాటు కొత్త రాజ్యం కూడా మా అరుగెక్కింది. అది చాలదన్నట్టు మా ఆయన చిన్నాయన కొడుకు సంజీవరావు బర్మా యుద్ధం నుంచి దిగాడు. అక్కడ మోటారు నడిపాడట. ఒక కాలు కొంచెం ఈడుస్తూ, నోట్లో సిగరెట్టు పెట్టుకొని, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నవ్వేవాడు.

"దొరలు పోతే యీ దేశాన్ని ఎవురు నడుపుతారబ్బా?" అనేవాడు మా మామ. "వరస నిలబడమంటే నిలబడలేనోళ్లు రాజ్యం చేస్తారంట!"

"దొరలున్నప్పుడు ఏం నడిపినార్ భాయ్? మనల్నే నడిపినారు. బస్రా నుంచి అమారా దాకా, బూట్లు లేకుండా."

"నీకు లేవు బూట్లు. నీ కంచరగాడిదలకు లాడాలుండె."

"మీది గాడిదల యుద్ధం పెద్దనాయనా" అని సంజీవరావు పొగ వదిలేవాడు. "మాది మోటారు యుద్ధం."

"అందుకే గదా, రంగూను నుంచి నడుచుకుంటా వచ్చినారు" అనేవాడు బడే సాహెబు.

సంజీవరావు నొచ్చుకునేవాడు కాదు. "ఏ యుద్ధమైనా ఒకటేలే బాబాయ్. మందిని తోలేటోడు ఎప్పుడూ యెనకనే ఉంటాడు. ఇప్పుడు గూడ సూడు. కంట్రోలు గుడ్డ వచ్చిందంటే మొదటి తాను యాడికి పోతాది? ఖద్దరు టోపీ ఇంటికి. మనకు చిల్లుల గుడ్డ."

"అందుకే అంటాండా, రాజుగారే మేలు" అని మా మామ.

"రాజుగారు నీకేమిచ్చినాడు?" అని సంజీవరావు.

"మెడల్ బిళ్ల ఇచ్చినాడు."

"నాకూ ఇచ్చినాడు" అని బడే సాహెబు. "మా ఇంటిది జహరాబీ దాన్ని మేకపిల్ల మెడకు కట్టింది. మేక తప్పిపోలేదు, అంతవరకు రాజుగారి దయ."

ఇదంతా తలుపు వెనక పాపను ఒళ్లో వేసుకొని వినేదాన్ని. మామగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా ఇళ్లలో కోడళ్లకు లేదు. మా ఆయన యోసేపు మార్కాపురంలో పలకల రాయి కొట్టే పనిలో ఉండి శనివారాలు వచ్చేవాడు. మిగతా రోజులు నాకు మాట్లాడటానికి అత్త, తొమ్మిది నెలల పాప. పాప తుమ్మితే భయం. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని భయం.

అట్లాంటి దాన్ని ఒక ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఒక మాట విన్నాను. కొమరోలులో అమ్మవారు పోసింది. రెండిళ్లలో, ముగ్గురు పిల్లలకు.

మా పుట్టింటి ఊరు చంద్రశేఖరపురం దగ్గర. నేను నాలుగో తరగతిలో ఉండగా మా తమ్ముడికి పోసింది. పదకొండో రోజున పోయాడు. అమ్మ మంచం పట్టింది, నన్ను బడి మానిపించి ఇంటి పనిలో పెట్టారు. అందుచేత ఆ జబ్బు పేరు వింటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది వేపాకుల వాసన. ఆ రోజు ఇంటికి వచ్చి పాపను గుడ్డలు విప్పి తల నుంచి కాలి వేళ్ల దాకా చూశాను. చెమట పొక్కు ఒకటి కనిపించింది. అది చెమట పొక్కే అని మా అత్త చేత నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

"మంగళవారం గిద్దలూరు నుంచి టీకాల ఆయన వస్తాడంట. వేయిస్తే సరిపాయ. ఏడుపు ఆపు" అంది అత్త.

టీకా అంటే కూడా భయమే. చేతి మీద గీరుతారు, జ్వరం వస్తుంది. అయినా సరే, పాపకు వేయించాలి, అందరికంటే ముందు వేయించాలి అని గట్టిగా అనుకున్నాను.

అయితే మా పల్లెలో టీకా వేయించుకోవడమంటే మాటలు కాదు. మూడేళ్ల కిందట ఇదే టీకాల ఆదినారాయణ సైకిలు గంట కొట్టగానే పల్లె పల్లెంతా జొన్న చేలల్లో దూరింది. మా పక్కింటి పిచ్చమ్మ బిడ్డను గంపలో పెట్టి మూత వేసి దాని మీద కూర్చుంది. గంపలో ఏముందని ఆయన అడిగితే కోడి అంది. కోడి నాయనా అని ఏడ్చింది. మొత్తం మీద ఆయన ముగ్గురికి వేసి పోయాడు. అందులో ఒకడు పక్క ఊరి నుంచి ఎద్దును వెతుక్కుంటూ వచ్చినవాడు.

అందువల్ల ఈసారి ఆ సాయంత్రం పల్లె పెద్ద చెంచయ్య మా అరుగు దగ్గరికి వచ్చాడు. "ఎజ్రన్నా, మీరు పటాలంలో ఉన్నోళ్లు. ఈసారి జనం పారిపోకుండా మీరే చూడాల" అన్నాడు.

ఇరవై ఏడేళ్లుగా ఈ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు మా మామ లేచి నిలబడ్డాడు.

"బస్రాలో ఒక్క పొద్దున్నే మూడు వందల మందికి వేసినారు. ఎందుకంటావా? వరస! వరస ఉంటే దొర ఉన్నట్టే."

"ఆ వరసలో మూర్ఛపోయి పడింది నువ్వే గదా" అన్నాడు బడే సాహెబు.

"ఎండకు పడినా!"

"సూది ముందర ఎండ కాయలేదే?"

సంజీవరావు నవ్వుతుంటే మా మామ వినిపించుకోకుండా వేలితో దుమ్ములో గీత గీశాడు. వరస ఎట్లా ఉండాలో పటాలం పద్ధతి ప్రకారం నిర్ణయమైంది. ముందు బస్రా యుద్ధం. తర్వాత బర్మా యుద్ధం. తర్వాత పెద్దలు. ఆ తర్వాత మిగిలిన మగవాళ్లు. వాళ్ల వెనక ఆడవాళ్లు. చిట్టచివర పసిపిల్లలు, వాళ్ల తల్లులు.

"పిల్లోళ్లు యెనకనా?" అన్నాడు చెంచయ్య.

"కొత్తగా చేరినోళ్లు గదా. రిక్రూట్లు ఎప్పుడూ యెనకనే" అన్నాడు మా మామ.

ఈ ఒక్క మాట మీద మాత్రం బడే సాహెబు తగువు పెట్టలేదు. తలుపు వెనక పాపను దగ్గరికి పొదువుకున్నాను. మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముందైతేనేం, చివరైతేనేం, అందరికీ వేస్తారు గదా.

మంగళవారం పొద్దున్నే బడి ముందరి చింతచెట్టు కింద పల్లె అంతా నిలబడింది. మా మామ పటాలం నాటి బెల్టు పెట్టుకున్నాడు. దానికి కొత్తగా రెండు చిల్లులు పొడవాల్సి వచ్చింది. "అటెన్షన్!" అని అరిస్తే మా వాళ్లు సగం మంది చేతులు జోడించారు, తతిమ్మావాళ్లు గుడి అనుకొని తలలు వంచారు. ఏది ఏమైనా ఎవరూ పారిపోలేదు. సైకిలు దిగిన ఆదినారాయణ ఆ వరసను చూసి కళ్లు నులుముకున్నాడు. చొక్కాలు విప్పుకొని, ఎడమ చెయ్యి ముందుకు పెట్టి నిలబడిన యాభై మందిని ఆయన తన ఉద్యోగంలో ఎన్నడూ చూసి ఉండడు.

బడి మెట్టు పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో స్టూలు మీద చెక్కపెట్టె తెరిచాడు. అందులో తడిగుడ్డలో చుట్టిన సన్నని గాజుగొట్టాలు. చిన్న స్పిరిటు దీపం, గొట్టంలోని మందు పోసుకునే గాజుపలక. చేతి మీద ఆనించి తిప్పే చక్రం లాంటి పనిముట్టు.

"రండి, మొదట ఎవరు?" అన్నాడు.

"నేను" అన్నాడు మా మామ.

"నేను" అన్నాడు బడే సాహెబు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బొంబాయిలో ఓడ ముందర ఎక్కింది నేను" అన్నాడు మా మామ.

"బస్రాలో ఓడ ముందర దిగింది నేను. యుద్ధం బస్రాలో జరిగిందా, బొంబాయిలో జరిగిందా?"

"కంచరగాడిదల్ని ముందర దింపినారు కాబట్టి దిగినావు! గాడిదలు సీనియరు, నువ్వు గాదు."

"గాడిదలతో దిగినోడు గాడిదల తర్వాత సీనియరు. గాడిదలు రాలేదు ఈ పొద్దు. కాబట్టి నేనే."

ఆదినారాయణ కాసేపు విన్నాడు. తర్వాత, "మీరు తేల్చుకోండయ్యా, నేను ఈలోపల వెనకవాళ్లకు వేస్తాను" అని చెంచయ్య చెయ్యి పట్టుకున్నాడు. వరస చాలా త్వరగా జరగడం మొదలైంది. ఏడవకుండా, కొరకకుండా, గంపల్లో దాక్కోకుండా పెద్దవాళ్లు వచ్చి చెయ్యి చాపుతుంటే ఆయన రిజిస్టరులో పేర్లు చకచకా నిండుతున్నాయి. ముఖంలో సంతోషం దాగడం లేదు.

నేను చివర్లో, పాపను చంకలో పెట్టుకొని, మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాను. ఒక గొట్టం విరిచాడు. చెంచయ్య, ఇంకో నలుగురు. ఐదుగురికి ఒక గొట్టం. విరిచిన ముక్కలను మోదుగాకులో వేస్తున్నాడు. ఇంకొకటి విరిచాడు. ఇంకొకటి.

నాలుగో తరగతి లెక్కలు ఇందుకు చాలు. ఆకులో ఆరు గొట్టాల ముక్కలు పడేసరికి తడిగుడ్డలో మూడే మిగిలాయి. మూడు గొట్టాలంటే పదిహేను మంది. మాకు ముందు ఇంకా ఇరవై మంది దాకా పెద్దవాళ్లు ఉన్నారు. మా వెనకా ముందూ కలిపి పిల్లలు పదకొండు మంది.

ఈయన ఈ రోజు పోతే మళ్లీ ఎప్పుడు వస్తాడు? కొమరోలు ఎంత దూరం? నడిచి వచ్చే దూరమే.

"అత్తా, మందు అయిపోతాంది! పిల్లోళ్ల దాకా రాదు! మామకు చెప్పు!" అన్నాను.

మా అత్త వరస వదిలి ముందుకు పోలేదు. పోతే తన చోటు ఇంకెవరైనా ఆక్రమిస్తారని ఆమె భయం. ముందున్న ఆమె భుజం తట్టి చెప్పింది. ఆమె ముందున్నవాడికి చెప్పింది. మాట ఒక్కొక్క మనిషినీ దాటుకుంటూ మెల్లగా పోయి, ముందర చెట్టుకు ఆనుకొని సిగరెట్టు కాలుస్తున్న సంజీవరావును చేరింది. అతను మా మామతో చెప్పాడు. మా మామ అప్పుడు బొంబాయి రేవులో ఉన్నాడు. విసుక్కుంటూ ఏదో అన్నాడు. ఆ జవాబు మళ్లీ ఒక్కొక్క మనిషినే దాటుకుంటూ వెనక్కి వచ్చింది.

"మందు సంగతి మందు ఆఫీసరు చూసుకుంటాడంట. యెనక నిలబడినోళ్లు మాట్లాడగూడదంట" అంది అత్త.

ఈలోపల ఏడో గొట్టం విరిగింది. ఇద్దరికి వేశాడు.

"అత్తా, ఇంకోసారి చెప్పు! పిల్లలు పదకొండు మంది ఉండారు, లెక్క చూసినానని చెప్పు!"

మాట మళ్లీ బయలుదేరింది. ఈసారి సంజీవరావు సిగరెట్టు పారేసి పెట్టె దగ్గరికి కుంటుతూ వచ్చి, లోపలికి వంగి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. నా వైపే చూశాడనుకుంటాను. అతను మా మామకు ఏమీ చెప్పలేదు. చెంచయ్యతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు, కానీ గొంతు మాత్రం బజారుకంతా వినిపించేటట్టు పెట్టాడు.

"ఏందో చెంచయ్య మామా, బస్రాలో ఎట్లనో గాని, మా బర్మాలో సూది మందులేసినప్పుడు మా కెప్టెను అందరి తర్వాత ఏయించుకొనేటోడు. అన్నం గూడ అంతే. సిపాయిలు తిని చేతులు కడిగినాక తినేటోడు. ముందర నిలబడేటోడు ఎవురో తెల్సా? వంటోడు."

బొంబాయి రేవులో మాటలు ఆగిపోయాయి.

"మా కెప్టెను మాత్రం?" అన్నాడు మా మామ. "కూతు కాడ మూడు రోజులు తినలేదు. మాకు పెట్టినాక గిన్నె గోకినాడు."

"గోకినాడు, నేను కండ్లార చూసినా" అన్నాడు బడే సాహెబు. ఇద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి.

"అదే అంటాండా" అన్నాడు సంజీవరావు. "ముందర తినేటోళ్లు మద్రాసులో ఉండారు, కంట్రోలు షాపుల్లో ఉండారు. ఈడ గూడ ఉండారేమోనని చూస్తాండా."

మా మామ ముఖం ఎర్రబడింది. బెల్టు సర్దుకున్నాడు. "నేను ఆఖర్న ఏయించుకుంటా" అన్నాడు.

"నువ్వెట్ల ఆఖర? ఆఖర నేను!" అన్నాడు బడే సాహెబు. "ఇంతసేపు సీనియరు నేనని చెప్తాంటి గదా!"

"ఓడ ముందర ఎక్కింది నేనురా!"

ఇద్దరూ పోటీ పడి నడుస్తూ వరస పక్కనుంచి వచ్చి మా పిల్లల తల్లుల వెనక నిలబడ్డారు. చూస్తుండగానే మూడు బారల అవతలికి పోయారు. ఒకరి వెనకకు ఒకరు జరుగుతూనే ఉన్నారు. ఇట్లాగే జరిగితే ఇద్దరూ గిద్దలూరు చేరేవారు.

అసలు గొడవ అప్పుడు ముందువైపున మొదలైంది. ఇంకా టీకా పడని మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అంటే మేము వంటోళ్లమా?" అన్నాడు ఒకడు. "మమ్మల్ని ముందర పెట్టి మీరు ఆఫీసర్లయితారా?" అన్నాడు ఇంకొకడు. ఒక్కొక్కరే చొక్కాలు తొడుక్కుంటూ వరస వదిలి వెనక్కి రాసాగారు. అప్పటికే వేయించుకున్న చెంచయ్య తన చేతి మీది గీతను చూసుకొని, "నన్ను అడిగి చెయ్యి పట్టుకోవాల గదయ్యా!" అని ఆదినారాయణను కోప్పడ్డాడు.

వరస చెదిరిపోవడం మా మామ తట్టుకోలేకపోయాడు. చివరి నుంచి గొంతు చించుకొని, "యాడున్నోళ్లు ఆడ నిలబడండి! అబౌట్ టర్న్!" అని అరిచాడు.

ఆశ్చర్యం ఏమంటే, పల్లె తిరిగింది. కొందరు కుడికి, కొందరు ఎడమకు, ఇద్దరు ముగ్గురు తలలు కొట్టుకొని, మొత్తానికి అందరూ వెనక్కి తిరిగి నిలబడ్డారు. తిరిగేసరికి చివర ఉన్న మా మామ, బడే సాహెబు మళ్లీ అందరికంటే ముందు నిలబడి ఉన్నారు.

ఆ సంగతి ముందు బడే సాహెబుకు తట్టింది. "యా అల్లా!" అని అటు చివరకు పరుగు తీశాడు. మా మామ అతని వెనక. యాభై ఏళ్లు దాటినవాళ్లు అంత వేగంగా వెనకబడటం నేను మళ్లీ చూడలేదు.

అటు చివర ఆదినారాయణ పనిముట్టు దీపం మీద కాల్చి పట్టుకొని కూర్చున్నాడు. ఇద్దరూ వచ్చి ఆయన పక్కన ఆగారు.

"వచ్చినారా? కూర్చోండి. ముందు ఎవరు?" అన్నాడు.

"మేము ముందు గాదు. ఇది యెనక" అన్నాడు మా మామ రొప్పుతూ. "ముందు అటువైపు ఉంది. నువ్వే అటు పోవాల."

ఆదినారాయణకు కోపం వచ్చింది. "నేను పోవడమేమిటయ్యా? సర్కారు మనిషిని. నేను ఎక్కడ కూర్చుంటే అదే ముందు. జనం నా దగ్గరికి రావాలి గాని, నేను జనం దగ్గరికి పోతానా?"

"పటాలం తిరిగినాక తిరిగినట్టే" అన్నాడు మా మామ.

"సర్కారు కూర్చున్నాక కూర్చున్నట్టే" అన్నాడు ఆదినారాయణ.

ఎండ మెట్టు ఎక్కింది. విరిచిన గొట్టం నుంచి తీసిన మందు ఇంకా ముగ్గురికి సరిపడా ఉంది. అది గాజుపలక మీద ఆరిపోతోంది. తడిగుడ్డ అంచు కూడా ఆరిపోయి తెల్లబడింది. అటు చివర పదకొండు మంది పిల్లలు ఎండకు ఏడుస్తున్నారు. అందులో నా పాప గొంతు నాకు విడిగా తెలుస్తోంది, ఎందుకంటే నా చెవిలోనే ఏడుస్తోంది.

నేను ఎప్పుడు వరస వదిలానో నాకు తెలియదు. పాపను చంకలో పెట్టుకొని మొత్తం వరసను దాటి వచ్చాను. మామగారి ముందు నుంచే నడిచాను. కొంగు సర్దుకోవడం కూడా మరిచాను. ఆ చెక్కపెట్టె మూతను సగం వేసి, ఒక్క చేత్తో ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. బిందె కంటే తేలికగానే ఉంది. వెనక్కి తిరిగి నడిచాను.

"ఏయ్! ఏయ్ అమ్మీ! సర్కారు సొత్తు! దించు!" అని ఆదినారాయణ ఒక చేతిలో దీపం, ఒక చేతిలో గాజుపలక పట్టుకొని నా వెంట పడ్డాడు. పరుగెత్తితే దీపం ఆరిపోతుందని పరుగెత్తలేకపోయాడు. స్టూళ్లు రెండూ సంజీవరావు పట్టుకొని కుంటుతూ వచ్చాడు. నేను భయంతో ముందుకే చూస్తున్నాను. వెనక నుంచి బడే సాహెబు గొంతు వినిపించింది.

"శభాష్ బేటీ! తల కదలకుండా మోస్తాంది సూడు. నా నంబరు వన్ కంచరగాడిద గూడ ఇంత నిలకడగా మోయలేదు!"

అది మెప్పే అని తర్వాత మా అత్త చెప్పింది. ఆయన ఆ కంచరగాడిద పేరు చెప్పుకొని ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటాడట.

పెట్టెను పిల్లల తల్లుల ముందు దించాను. మా మామ కూడా వచ్చి నిలబడ్డాడు. నన్ను ఏమంటాడో అని తల వంచుకున్నాను. నా మీద అరవడానికి కుదరలేదేమో, ఆదినారాయణ వైపు తిరిగి, "కూర్చోవయ్యా! పసిబిడ్డలు ఎండకు మాడిపోతాంటే నిలబడి సూస్తాండావే!" అని గద్దించాడు.

"సూసినావా పెద్దనాయనా" అన్నాడు సంజీవరావు స్టూలు వేస్తూ. "మద్రాసులో గూడ ఎవురన్నా ఒకమ్మ పోయి ఆ పెట్టె ఇట్ల నెత్తిన పెట్టుకొని వస్తే, మంత్రులు దీపం పట్టుకొని యెనకాల వస్తారు."

వరస చివర పారిపోవడానికి వీలుగా ఉంటుందని పిచ్చమ్మ పనిగట్టుకొని అందరికంటే వెనక నిలబడింది. ఇప్పుడు అందరికంటే ముందు తేలింది. "నేను రేపు ఏయిస్తా! నాకు జొన్నలు నానబెట్టేది ఉంది!" అని లబలబలాడింది. గంపలో కూర్చున్న ఆ పిల్లవాడికే ముందు పడింది. ఆ తర్వాత ముగ్గురు. తర్వాత నా పాప.

ఆదినారాయణ పాప చెయ్యి తుడిచి, మందు చుక్క పెట్టి, పనిముట్టు ఆనించి తిప్పాడు. పాప ఒక్క క్షణం ఆయన ముఖం వైపు ఆశ్చర్యంగా చూసి, తర్వాత ఏడుపు అందుకుంది. నేను అంతకంటే గట్టిగా ఏడ్చాను.

"నీకు వేయలేదు గదమ్మా" అన్నాడు ఆయన.

పదకొండు మంది పిల్లలకూ పడ్డాక ఆఖరి గొట్టంలో ఇద్దరికి మందు మిగిలింది. మగవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు. ఆఖరు తమదే అని మా మామ, బడే సాహెబు ఇంకా ఒకరినొకరు వెనక్కి నెట్టుకుంటున్నారు. మా అత్త వాళ్ల వైపు చూసి, "మీరు ఆడనే నిలబడి ఉండండి, మళ్లీ యుద్ధమొస్తే పిలుస్తాం" అని రవిక చెయ్యి పైకి లాక్కొని కూర్చుంది. ఆమె పక్కన పిచ్చమ్మను లాగి కూర్చోబెట్టింది. అంతటితో మందు అయిపోయింది. మిగిలినవాళ్లకు వచ్చే వారం తెస్తానని, ఈసారి మాత్రం వరస పెట్టవద్దని చెప్పి ఆదినారాయణ సైకిలెక్కాడు.

నా సంగతి అక్కడితో తీరలేదు. టీకా వేస్తే సరిపోదు, పట్టాలి. ఎనిమిదో రోజుకు పొక్కు లేవాలి. లేవకపోతే వేయనట్టే. ఇది మా అత్త చెప్పకుండా ఉంటే బాగుండేది. రెండో రోజు చూశాను, ఏమీ లేదు. మూడో రోజు గీత మీద ఎర్రగా ఉందని సంబరపడితే అది నేను మాటిమాటికీ తాకి చూడటం వల్ల అని అత్త తిట్టింది. నాలుగో రోజు సంజీవరావును పిలిచి చూపించాను. "వదినా, నేను మోటారు డ్రైవర్ని" అన్నాడు. ఐదో రోజు చిన్న గింజంత లేచింది. ఆరో రోజు పాప ఒళ్లు వెచ్చబడింది. ఇంకెవరి బిడ్డకైనా జ్వరం వస్తే తల్లి ఏడుస్తుంది. నేను వెచ్చబడిన ఆ నుదుటి మీద చెయ్యి పెట్టుకొని దేవునికి స్తోత్రం చెప్పాను. చెప్పిన వెంటనే, ఇది టీకా జ్వరమా, వేరే జ్వరమా అని భయం పట్టుకుంది.

ఎనిమిదో రోజున ఆదినారాయణ వచ్చాడు. నేను బడి దాకా ఆగలేక ఊరి మొదట్లోనే సైకిలుకు అడ్డం నిలబడ్డాను. నన్ను చూడగానే ఆయన చెయ్యి పెట్టె మీదికి పోయింది. పాప చొక్కా చెయ్యి పైకి ఎత్తి చూపించాను. ఎర్రటి చేతి మీద కందిగింజంత పొక్కు, నడుమ చిన్న గుంట, ముత్యంలా నిగనిగలాడుతోంది.

"పట్టింది" అన్నాడు.

"బాగా పట్టిందా అయ్యా?"

"బాగా పట్టింది."

"ఇంక అమ్మవారు పోయదు గదా? కొమరోలు నుంచి వచ్చినా గూడ?"

"పోయదమ్మా. నీ బిడ్డకు భయం లేదు. దానిని తాకవద్దు, గీరనియ్యవద్దు. ఎండిపోయి అదే రాలుతుంది."

ఆయన రిజిస్టరు తెరిచి పాప పేరు పక్కన ఏదో రాశాడు. ఏమి రాశాడో చూపించమన్నాను. సైకిలు సీటు మీద పుస్తకం పెట్టి చూపించాడు. "పట్టింది" అని అక్షరాలు కూడబలుక్కొని చదివాను. రెండుసార్లు చదివాను. తర్వాత పాపను ఎడమ చంక నుంచి కుడి చంకకు మార్చుకొని, ఆ చెయ్యి దేనికీ తగలకుండా బయటికి పెట్టి, ఇంటికి నడిచాను.